బాట పక్క బొమ్మలు

వేసవి సెలవులు దగ్గరపడుతున్నవి. మన కుటుంబాలవారు తిరుపతికో, కాళహస్తికో, చెన్నపట్నంలోని బంధువుల ఇళ్ళకో, హైదరాబాదుకో మూటాముల్లె సర్దుకొనే రోజులివి. ఎవరి జేబులో చూచినా ఫోను, ఏ ఫోనులో చూచినా కెమెరా. ఒక్క ప్రయాణంలో మూడు నాలుగు వందల ఫొటోలకు తక్కువ కాకుండా తీసుకొని వస్తారు. వచ్చినవారు మాకు చూపిస్తారు. మేము ఓపికగానే చూస్తాము. అన్నిటిలోనూ వారి ముఖాలే! వెనుక చార్మినారు ఉన్నదో, సెంట్రల్ స్టేషను ఉన్నదో, చెరుకు బండి ఉన్నదో తెలుసుకోవాలంటే వారి చెవుల పక్కనుంచి తొంగి చూడవలసి ఉంటుంది.

ముఖాలు తీయవద్దని మేము అనము. పిల్లలు పెరిగిపోతారు, పెద్దలు వెళ్ళిపోతారు. వారి బొమ్మలు ఉండవలసినవే. కాని ఇంటివారి ముఖాలు ఇంట్లో కూడ దొరుకుతవి. బాట పక్కనున్న వస్తువు బాట పక్కనే దొరుకుతుంది, అదీ ఎన్నాళ్ళు దొరుకుతుందో చెప్పేవారు లేరు. అందుచేత ఈ నెల మన శీర్షికలో, ప్రయాణం చేసేటప్పుడు దారిలో కనబడే పాత కట్టడాలను, పాత బండ్లను, వింత రాళ్ళను, బోర్డులను ఫొటో తీయడం గురించి వ్రాస్తున్నాము. పెద్ద కెమెరాలు, కటకాల సంగతి తెలిసినవారు వేరే ఉన్నారు. మేము ఫైళ్ళు మోసే గుమాస్తాలము. మాకు తెలిసినదల్లా కాగితం మీద తేదీ ఉండాలనీ, ఏ ఊరినుంచి వచ్చినదో ఉండాలనీ. ఫొటోకు కూడ అంతే కావలెనని మా అభిప్రాయం.

మా పాండూరు మీదుగా పోయే తిరువళ్ళూరు–తిరుత్తణి బాటనే తీసుకొందాము. చెన్నపట్నంనుంచి తిరుపతికి పోయేవారంతా ఈ బాట ఎరుగుదురు. నిన్న మొన్నటివరకు దీనిని 205వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 716 అంటున్నారు. కారులో పోయేవారు తిరువళ్ళూరు దాటగానే కళ్ళు మూసుకొని, తిరుత్తణి కొండ కనబడేసరికి తెరిచి, దండం పెట్టి మరల మూసుకొంటారు. ఆ మధ్యలో చూడవలసినది ఏమీ లేదని వారి నమ్మకం. ఏమీ లేకపోవడమెందుకు? కనకమ్మసత్రం ఉన్నది. పేరులోనే ఒక తల్లి, ఒక అన్నదానం ఉన్నవి. కాలినడకన, ఎడ్లబండ్లమీద తిరుపతికి పోయే రోజులలో సత్రం లేని బాట బాట కాదు. ఆమడకొక సత్రం, సత్రానికొక బావి, బావి దగ్గర పశువులకు రాతి తొట్టి. ఇప్పుడు సత్రాలు చాలావరకు ఊరి పేర్లలోనే మిగిలినవి. ఎక్కడైనా ఒక తొట్టి, ఒక మంటప స్తంభం కనబడితే, బండి ఆపి ఒక ఫొటో తీసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

కొంచెం పక్కకు తిరిగితే తిరువాలంగాడు. అక్కడి రాగి శాసనాలు 1905లో బయటపడినవి. రాజేంద్ర చోళుని కాలపువి. అక్కడి గుడిలో అయ్యవారు కాలు పైకెత్తి ఆడిన తాండవం సంగతి అందరికీ తెలిసినదే. ఫొటోలవారికి మాత్రం మేము చెప్పేది గుడి సంగతి కాదు. లోపల ఎలాగూ తీయనివ్వరు, తీయకూడదు కూడ. ఆ ఊరిలో సహకార చక్కెర మిల్లు ఉన్నది. చెరుకు కాలంలో ఆ దారిన వరుసగా పోయే బండ్లు చూడవలెను. ఇప్పుడు ట్రాక్టర్లే ఎక్కువ. ఎద్దులు కట్టిన చెరుకు బండి ఎదురైతే వదలకండి. మా అబ్బాయి దానిని చూచి, "నాన్నా, ఇది సినిమా షూటింగా?" అన్నాడు. వాడి తరం లెక్క అది.

ఇటు తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి కోనేరు, హృత్తాపనాశిని. అమావాస్యనాడు వచ్చే జనాన్ని, వారు పాలు బెల్లం నీటిలో వదలడాన్ని చూడవచ్చును. అటు పూండి చెరువు. చెరువని మనం అలవాటుగా అంటాము గాని అది 1944లో కొసస్థలి నదికి అడ్డంగా కట్టిన జలాశయం. పట్నానికి నీళ్ళిచ్చిన మేయరు సత్యమూర్తిగారి పేరు పెట్టినారు. 1996లో కండలేరునుంచి కాలువ దారిన కృష్ణ నీరు అక్కడికి వచ్చినది. ఊత్తుకోట దగ్గర ఆ కాలువ ఎల్ల దాటి తమిళనాడులోకి అడుగుపెట్టే చోటును జీరో పాయింటు అంటారు. చూడడానికి సిమెంటు గట్లు, నీరు తప్ప ఏమీ లేదు. కాని పడమటి కనుమలలో పుట్టిన కృష్ణమ్మ మన పొరుగుకు వచ్చిన స్థలం అది. మా ఇంటావిడ అక్కడ పసుపు కుంకుమ వేయకుండా ఫొటో తీయనివ్వలేదు.

ఈ బాటకు ఇంకొక సంగతి ఉన్నది. మన పెద్దలలో కొందరికి ఇంకా జ్ఞాపకమే. తిరుత్తణి తాలూకా 1911నుంచి చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్‌గారి తీర్పు ననుసరించి 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపినారు. ఇటునుంచి సత్యవేడు వైపు గ్రామాలు అటు పోయినవి. రాత్రి పడుకొన్నప్పుడు చిత్తూరు జిల్లా, తెల్లవారి లేచేసరికి చెంగల్పట్టు జిల్లా. 1997లో దానిని విడదీసినప్పుడు తిరువళ్ళూరు జిల్లా అయినది. మనుష్యులు కదలలేదు, ఎల్ల కదిలినది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పుట్టిన ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నదని పిల్లలను అడిగితే, ఏ సంవత్సరంలో అని తిరిగి అడిగే పిల్లవాడే తెలివైనవాడని మేము మార్కులు వేస్తాము.

ఎల్ల మారినప్పుడు మొదట మారేవి బోర్డులు. ఆ మార్పు న్యాయమా కాదా అనే చర్చ ఇక్కడ అక్కరలేదు. దానికి ఇరువైపులా పోట్లాడిన పెద్దలు ఉన్నారు, వారి కథ చరిత్రలో ఉన్నది. మేము చెప్పేది కేవలం అక్షరాల సంగతి. కిరాణా కొట్టు నుదుట, సత్రం గోడమీద, బావి ఒరమీద, కల్యాణమంటపం మెట్టుమీద, దాతల పేర్లు చెక్కిన చలువరాతిమీద తెలుగు అక్షరాలు ఉండేవి. సున్నం మీద సున్నం పడి కొన్ని మూసుకుపోయినవి. బాటను వెడల్పు చేసినప్పుడు కొన్ని పోయినవి. కొట్టు చేతులు మారి కొన్ని పోయినవి. 2006లో వచ్చిన చట్టంతో బడిలో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయినది. తమిళం నేర్చుకోవద్దని ఎవరనగలరు, ఇది మనం తరతరాలుగా తిన్న ఉప్పు. కాని మన ఇళ్ళలో తెలుగు మాట నిలిచినా, తెలుగు అక్షరం పలుచబడినది. మనుమడికి తాతయ్య చేతివ్రాత రాదు. ఇప్పుడు తిరుత్తణి బస్టాండులో ఆంధ్ర బస్సు నుదుటి పలక చదివి అక్షరాలు నేర్చుకొనే పిల్లలు ఉన్నారు. అది కూడ ఫొటో తీయవలసినదే. మేము తీసినాము. డ్రైవరుగారు నవ్వి, "బస్సు కదలబోతుంది సార్, ఎక్కుతారా, ఫొటోలే తీస్తారా?" అన్నారు.

రాతిమీది అక్షరాలను ఫొటో తీయడం మనతో మొదలయిన పని కాదు. 1856లో మద్రాసు ప్రభుత్వం కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అనే ఆయనను తన ఫొటోగ్రాఫరుగా పెట్టుకొన్నది. ఆ రోజులలో ఫిల్ము లేదు. మందు పూసిన కాగితమే నెగటివు. పెట్టెలు, మందు సీసాలు ఎడ్లబండ్లమీద వేసుకొని ఆయన తిరుచినాపల్లి, మదుర, తంజావూరు తిరిగినాడు. తంజావూరు పెద్దగుడి పాదాన చెక్కిన శాసనాలను 1858లో ముక్కముక్కగా తీసి, 21 బొమ్మలు అతికి, 19 అడుగుల పొడుగు పటం ఒకటి తయారుచేసినాడు. గోపురం ముందు తాను నిలబడి తీయించుకొన్న పటం కాదు సుమా, అక్షరాల పటం! ఖర్చు ఎక్కువగా ఉన్నదని 1860లో ప్రభుత్వం ఆ ఏర్పాటు ఎత్తివేసినది. గుమాస్తాలకు ఈ మాట కొత్త కాదు.

ఇక పట్నం. మన ఊళ్ళనుంచి పట్నానికి పోయినవారు మొదట దిగేది సెంట్రల్ స్టేషనులో. 1873నాటి కట్టడం. 2019లో దానికి ఎం.జి. రామచంద్రన్‌గారి పేరు పెట్టినారు. పక్కనే 1913లో కట్టిన తెల్లని రిప్పన్ భవనం. ఈ రెంటినీ అందరూ తీస్తారు. రాయపురం స్టేషనును తీసేవారు తక్కువ. 1856లో దక్షిణదేశపు మొదటి రైలుబండి అక్కడినుంచే వాలాజా వైపు బయలుదేరినది, మన తిరువళ్ళూరు మీదుగానే. స్తంభాలున్న ఆ పాత కట్టడం ఇంకా నిలిచే ఉన్నది. పోయి చూడండి.

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్టు ఉండేది. మా నాయనగారు పాత పుస్తకాలు బేరమాడి కొన్నది అక్కడే. 1985లో అది కాలిపోయినది. ఆ స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషను ఉన్నది. మూర్ మార్కెట్టులో కొన్న పుస్తకాలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నవి. మార్కెట్టు ఫొటో ఎందరి ఇళ్ళలో ఉన్నదో మాకు అనుమానమే. రోజూ చూచేదానిని ఎవరు ఫొటో తీస్తారు? పట్నంలో ట్రాము 1895నుంచి 1953 ఏప్రిల్‌వరకు నడిచినది. లక్షలమంది ఎక్కి దిగినారు. మౌంటు రోడ్డులో 1959లో లేచిన 14 అంతస్తుల ఎల్.ఐ.సి. భవనం ముందు మాత్రం మన ఊరివారు మెడ వెనక్కు విరుచుకొని నిలబడి ఫొటోలు తీయించుకొన్నారు. అది కొత్తది కనుక! కొత్తదానికి ఉన్న గౌరవం రోజూ చూచేదానికి లేదు. కాని పోయేది రోజూ చూచేదే.

బండ్ల సంగతికి వస్తే మాకు కలం ఆగదు. అంబాసిడరు కారు 1950ల చివరినుంచి 2014వరకు తయారైనది. మన ప్రాంతంలో పెండ్లికూతురు ఎక్కని అంబాసిడరు, శవం ఎక్కని అంబాసిడరు లేదు. ఇప్పుడు తిరువళ్ళూరులో ఏ చెట్టుకిందనో, చక్రాలు లేక ఇటుకలమీద కూర్చున్నది ఒకటి కనబడుతుంది. ఆ కంపెనీవారే తిరువళ్ళూరు దగ్గర అధికత్తూరులో ఫ్యాక్టరీ పెట్టి 1998నుంచి జపానువారి లాన్సర్ కార్లు తయారుచేసినారు. మన పొలాల మధ్యనుంచి కారు పుట్టుకొచ్చిన ముచ్చట మన పిల్లలకు తెలియదు. బుల్లెట్ మోటారు సైకిలు 1955నుంచి తిరువొత్తియూరులో పుట్టినది. ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించడానికి 1948లో మొదలైన అశోక్ కంపెనీ తరువాత లేలాండు లారీలకు, బస్సులకు పేరుపడ్డది. ఇవన్నీ మన చుట్టుపక్కలవే గదా! వండలూరు దగ్గర తయారైన స్టాండర్డ్ హెరాల్డు కారు ఎక్కడైనా నడుస్తూ కనబడితే, మేము ఆఫీసుకు ఆలస్యమైనా ఆగుతాము.

పాత బండిని ఫొటో తీసేవారు నంబరు పలక తప్పక పడేటట్లు తీయవలెను. కాలం చెప్పేది అదే. 1989 ప్రాంతంనుంచి ఇప్పటి పద్ధతి వచ్చినది: రెండు అక్షరాలు, రెండు అంకెలు. టీఎన్ 20 అంటే మన తిరువళ్ళూరు, ఏపీ 03 అంటే చిత్తూరు. అంతకు ముందు వరుసగా మూడు ఇంగ్లీషు అక్షరాలుండేవి. 1969 జనవరిలో రాష్ట్రం పేరు తమిళనాడు అయినది. మూడక్షరాల పలక ఎం అక్షరంతో మొదలయితే ఆ బండి మద్రాసు రాష్ట్రం నాటిదనీ, టీతో మొదలయితే ఆ తరువాతిదనీ చూచుకోవచ్చును. ఈ చిన్న కిటుకుతో మేము మా బంధువుల పెండ్లి ఆల్బములు రెండు మూడు సరిచేసినాము. పెండ్లి ఏ సంవత్సరమో పెండ్లికొడుకే మరచిపోయిన ఇల్లు ఒకటి ఉన్నది, కారు పలక చెప్పినది. ఆ ఇల్లాలి ముందు మేము పేరు చెప్పబోము.

బయటి ఊళ్ళకు పోయేవారికి ఒకటి రెండు. కోయంబత్తూరు పోయినవారు జి.డి. నాయుడుగారి పేరుమీద ఉన్న కార్ల ప్రదర్శనశాల చూడండి. మన తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ పెద్దమనిషి 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి–పళని దారిలో వ్యాపారం మొదలుపెట్టినాడు. హైదరాబాదు పోయినవారు చార్మినారుతోపాటు, నిజాము రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ఆరంభించిన సంగతి గుర్తుంచుకొండి. ఆనాటి అల్బియన్ బస్సును దాచి ఉంచినారు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ పక్కన 2002లో పెట్టిన రైల్వే ప్రదర్శనశాలకు పిల్లలను తీసుకుపోతే ఆ పూటకు అల్లరి చేయరు.

ప్రదర్శనశాలలో ఉన్నవాటికి భయం లేదు. కాపలా ఉన్నది, చీటీ అంటించి ఉన్నది. భయమంతా బాట పక్కన దిక్కులేక ఉన్నవాటికి. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామో ఇప్పుడు వ్రాస్తాము.

మన ప్రాంతంలో పాత బాటల పక్కన ఒక విధమైన రాళ్ళు ఉంటవి. రెండు నిలువు రాళ్ళు, వాటిమీద అడ్డంగా ఒక పొడుగు బల్ల. మనిషి భుజం ఎత్తున ఉంటుంది. తమిళంలో సుమైతాంగి అంటారు. నెత్తిమీద మూట మోసుకొని పోయేవాడు ఇంకొకరి సాయం లేకుండా ఆ బల్లమీదికి మూట జరిపి, ఊపిరి పీల్చుకొని, మరల నెత్తికెత్తుకొని పోవచ్చును. ఇప్పుడు నెత్తిమీద మూటలు తగ్గినవి, రాయి ఎందుకున్నదో తెలిసినవారు తగ్గినారు.

కొన్నేండ్ల కిందట ఒక పొలం పనిమీద పోతూ, పెద్దబాటనుంచి చీలిన ఒక చిన్న బాటలో అటువంటి రాయి చూచినాము. బల్ల అంచున అక్షరాల వంటి గీతలు. మిట్టమధ్యాహ్నం వేళ, ఎండ నడినెత్తిన ఉన్నది. గీతలు తప్ప ఏమీ తెలియలేదు. పని ముగించుకొని అయిదు గంటలకు అదే దారిన వచ్చేసరికి ఎండ పక్కనుంచి పడుతున్నది. అక్షరాలు లేచి నిలబడ్డవి. తెలుగు! మూడు వరుసలు. మొదటిది అరిగిపోయినది, రెండవదానిలో ఒక ఆడమనిషి పేరు, మూడవదానిలో ప్లవ నామ సంవత్సరం. వంగి ఫొటోలు తీస్తూ ఉంటే, మేకలు తోలుకొని పోతున్న ఒక అవ్వ నిలబడ్డది.

"ఏం నాయనా, రాయికి ఫొటో తీస్తా ఉండావు?"

"అక్షరాలు ఉన్నవి అవ్వా. ఎవరి పేరో ఇది?"

"పేరు నాకేం తెలుసు. కడుపులో బిడ్డతో చచ్చిపోయిందంట ఆయమ్మ. కాన్పు కాలేదు. ఆ బరువు ఆమెకు దిగలేదు గదా, అందుకని పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు ఈడ బరువు దించుకోవాలని రాయి పెట్టినారంట. మనం దించితే ఆయమ్మకు దిగినట్టు. మా అత్త చెప్పేది."

మేము ఇంటికి వచ్చి, అలవాటు ప్రకారం ఒక నోటుబుక్కులో తేదీ, బాట పేరు, ఎడమ పక్కనో కుడి పక్కనో, చెరువు గట్టునుంచి ఎన్ని అడుగులో, అవ్వ చెప్పిన మాట, అన్నీ వ్రాసిపెట్టుకొన్నాము. తరువాత రెండేండ్లకు ఆ బాట వెడల్పు చేసినారు. రాయి లేదు. ఏ గుంటలో పడ్డదో, ఏ కాలువ మీద పరిచినారో అడిగితే చెప్పేవారు దొరకలేదు. పని చేసినవారు ఎక్కడినుంచో వచ్చి, చేసి, ఎక్కడికో పోయినారు.

ఆ మరుసటి ఏడు బెంగుళూరులో స్థిరపడిన ఒక కుటుంబంవారు మాకు తెలిసిన ఒక బంధువు ద్వారా వచ్చినారు. వారి తాతగారి తండ్రికి ఇద్దరు భార్యలనీ, మొదటి ఆమె నిండు చూలాలై పోయినదనీ, ఆమె పేరున ఈ పక్క ఎక్కడో ఒక రాయి వేయించినారనీ ఇంట్లో చెప్పుకొనేవారట. ఆమె పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండవ ఆమె సంతతి గదా వీరు, మొదటి ఆమె తద్దినానికి కూడ పేరు లేకుండా "పెద్దమ్మ" అనే అనేవారట. మేము ఫొటో చూపించినాము. ఊరు, చెరువుగట్టు వారు విన్న ఆనవాళ్ళతో సరిపోయినవి. ప్లవ సంవత్సరం అరవై ఏండ్లకొకసారి వస్తుంది: 1841, 1901, 1961. వారి ముత్తాతగారి వయస్సుతో లెక్కవేస్తే 1901 అని తేలినది. వచ్చినవారిలో పెద్దాయన, డెబ్బై దాటినవాడు, ఫోను కళ్ళ దగ్గర పెట్టుకొని ఆ పేరు రెండుసార్లు చదివినాడు. తరువాత మా ఇంటావిడను మంచినీళ్ళు అడిగినాడు. ఆ ఏడు తద్దినంలో ఆమెను పేరు పెట్టి పిలిచినారని కబురు వచ్చినది. ఆ పేరు మేము ఇక్కడ వ్రాయము, అది వారి ఇంటిది.

ఇంతకూ ఆ ఫొటో బాగా వచ్చిన ఫొటో కాదు. మూలన మేక తోక పడ్డది. అయినా పనికివచ్చినది, ఎందుచేతనంటే అక్షరాలు తెలిసేటట్లున్నవి, పక్కన నోటుబుక్కు ఉన్నది.

కనుక తీసేవారికి మా అనుభవంలో తెలిసినవి చెబుతాము. అరిగిన అక్షరాలకు ఉదయం ఎండ, సాయంత్రం ఎండ మంచివి. మధ్యాహ్నం పోవలసి వస్తే, అద్దం ముక్కతోనో, స్టీలు పళ్ళెంతోనో పక్కనుంచి వెలుతురు కొట్టించండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నూనె పూయడం, చాకుతో గీకడం వద్దు, రాయికి దెబ్బ. మొదట దూరంనుంచి వస్తువు, దాని చుట్టుపక్కల తెలిసేటట్లు ఒకటి, తరువాత దగ్గరినుంచి అక్షరాలకు ఒకటి. పక్కన ఒక గొడుగో, స్కేలుబద్దో, మీ అబ్బాయినో నిలబెడితే ఎత్తు తెలుస్తుంది. ముఖాలమీద మోజున్నవారికి ఆ ముచ్చట కూడ ఇట్లు తీరుతుంది.

మైలురాళ్ళను చూస్తూ ఉండండి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చిన తరువాత మైలు పోయి కిలోమీటరు వచ్చినది. ఇప్పటి రాళ్ళలో పసుపు తల జాతీయ రహదారిది, పచ్చ తల రాష్ట్రపు బాటది. మైళ్ళు చెక్కిన పాత రాయి ఎక్కడైనా పొదలో మిగిలి ఉంటే అది మన పత్రికకు పంపదగిన బొమ్మ. ఎవరి ఇంటిముందు బండినైనా తీసేముందు ఇంటివారిని అడగండి. అడిగితే కాదనేవారు అరుదు. పైగా బండి చరిత్ర అంతా చెప్పి కాఫీ ఇస్తారు. రైలు పట్టాలమీదికి దిగి తీయవద్దు. రైల్వే చట్టం ప్రకారం అది నేరం, ప్రాణానికి అపాయం కూడ. ఆవడి దారిలో టాంకుల ఫ్యాక్టరీ, సైన్యంవారి గోడలు ఉన్నవి. అక్కడ కెమెరా సంచిలోనే ఉండవలెను.

ఇంటికి వచ్చిన తరువాత పని ఇంకొకటి ఉన్నది. ఫోను తనంతట తాను తేదీ, స్థలం గుర్తుపెట్టుకొంటుంది గదా అని పిల్లలు అంటారు. నిజమే. కాని ఆ ఫొటోను వాట్సాపులో మామూలుగా పంపితే ఆ గుర్తులు రాలిపోతవి, బొమ్మ కూడ పలుచబడుతుంది. ఫోను పగిలితే అన్నీ ఒకేసారి పోతవి. మంచివి ఏడాదికి పది ఏరి కాగితంమీద వేయించండి. వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు సంగతులు వ్రాయండి: ఏ ఊరు, ఏ తేదీ, ఏ పక్క, ఎవరు చెప్పినారు. తెలుగులో వ్రాస్తే మరీ మంచిది, పిల్లలచేత వ్రాయిస్తే ఇంకా మంచిది. ఆగ్ఫా క్లిక్ కెమెరాలో ఒక రీలుకు పన్నెండే బొమ్మలు వచ్చేవి. మా నాయనగారు ఒక రీలును రెండు పండుగలకు సర్దేవారు. నొక్కేముందు ఆలోచించేవారు.

ఆయన తీసిన బొమ్మ ఒకటి ఈ పుటలోనే అచ్చువేస్తున్నాము. చదరపు బొమ్మ. పెంకుటింటి హోటలు, దానిముందు ఒక బస్సు, నంబరు పలకమీద మొదటి అక్షరం ఎం, తక్కినది ఒక ఎద్దు తల అడ్డం వచ్చి కనబడదు. హోటలు బోర్డుమీద తెలుగులో "విలాసము" అన్నంతవరకు తెలుస్తుంది, ముందు పేరు బస్సు చాటున ఉన్నది. కుడిపక్కన రాతి తొట్టి, వెనుక రెండు చింతచెట్లు. వెనుకవైపు పెన్సిలుతో "ఆడికృత్తికకు పోతూ, కాఫీ బాగున్నది" అని ఉన్నది. తిరువళ్ళూరునుంచి తిరుత్తణివరకు ఆ కాలంలో హోటళ్ళు నడిపినవారి ఇళ్ళవారు, ఆ కాఫీ తాగిన పెద్దలు మన పాఠకులలో ఉండకపోరు. ఏ హోటలో, ఏ ఊరి దగ్గరో గుర్తుపట్టినవారు పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క వ్రాయవలెను.